యూరియా వరసలో నా చెప్పులు

కాకినాడ నుంచి నిజామాబాద్ వెళ్లేటప్పుడు నా సంచీలో రెండు బరువులున్నాయి. ఒకటి కాజాల పెట్టె, రెండోది నలభై పేజీల ఉపన్యాసం. చెరకు పండే సీమకు కాజాలు మోసుకెళ్లడం ఎంత తెలివైన పనో, నేనా ఉపన్యాసం మోసుకెళ్లడమూ అంతే తెలివైన పనని తిరిగొచ్చాక తెలిసింది. కాజాలే నయం. అందరూ తిన్నారు.

ఉపన్యాసం పేరు 'అగ్రరాజ్యాల పోటీ, మన జాతీయ భద్రత'. డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మైకు ఇస్తే తిరిగి ఇవ్వనని మా ఇంట్లో నాకు పేరుంది. బోధన్ అమ్మాయి నసీమా, వాళ్ల నాన్న ఉద్యోగం వల్ల మా ఊళ్లో మూడేళ్లు నా దగ్గర చదివింది. ఇప్పుడు సొంత ఊళ్లోనే లెక్చరర్. "మా పిల్లలకు ఒక గంట చెప్పండి మేడం, అట్లనే మా దిక్కు సూసి పోండి" అని ఫోన్ చేసింది. నేను రెండోమాట అడగలేదు, టికెట్ కొనుక్కున్నాను.

నిజామాబాద్: ఆఫ్రికా చూసిన పసుపు

స్టేషన్‌కు నసీమా మేనమామ సలీం భాయ్ వచ్చారు. పసుపు వ్యాపారి. అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ జేబు అంచున చెరగని పసుపు మరక. ఇంటికి తీసుకెళ్లకముందే హోటల్లో కూర్చోబెట్టి చాయ్ తాగించారు. మా వైపు టీ నిలబడి తాగి గ్లాసు పెట్టేసి వెళ్లిపోయే వస్తువు. ఇక్కడ దానికి కుర్చీ ఉంది, బిస్కెట్టు ఉంది, తాగాక ఇంకో పావుగంట మాట ఉంది. పదిహేను రూపాయలకు అంత తీరిక మా ఊళ్లో దొరకదు.

తర్వాత మార్కెట్ యార్డుకు వెళ్లాం. ఇది పసుపు సీజన్ కాదు. శ్రావణమాసం, సన్నగా వాన. యార్డు ఖాళీగా ఉన్నా ముక్కుకు మాత్రం పసుపు తెలుస్తూనే ఉంది. ఒక షెడ్డులో సలీం భాయ్ బస్తాలు గోడెత్తున పేర్చి ఉన్నాయి.

నేను రేపటి ఉపన్యాసం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎర్ర సముద్రం, ఓడల దారులు, పెద్ద దేశాలు ఆ దారుల మీద పట్టు కోసం పడే తంటాలు. ఆయన ఓపికగా విన్నారు. మధ్యలో ఒక్కసారి తల గోక్కున్నారు.

"అవును మేడం, నాకెర్కే," అన్నారు చివరికి. "పోయినేడు నా సరుకు యూరప్ పోవాలె. సముద్రంల కొట్లాట అని జహాజు సీదా పోలే. ఆఫ్రికా మొత్తం సుట్టు తిరిగి పోయింది. నా పసుపు ఆఫ్రికా సూసింది గని, నేనింక నాందేడ్ దాటి పోలే."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. "కిరాయి డబుల్ అయింది. రైతుకేం చెప్పాలె? ఎర్ర సముద్రం అంటే ఆయనకేం తెలుస్తది? నేనే అబద్ధం చెప్తున్న అనుకుండు. ఇరవై ఏండ్ల సంబంధం, ఇప్పుడు ఇంకో సేటు దగ్గరికి పోతుండు." నవ్వినందుకు నాలుక కరుచుకున్నాను.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో బగారా అన్నం, దాల్చా. సలీం భాయ్ భార్య పక్కనే కూర్చుని, గిన్నె ఖాళీ అవుతుంటే అడక్కుండా వడ్డించారు. గోదావరి జిల్లావాళ్ల మర్యాదకు మించింది లేదని నాకు చిన్నప్పటి నుంచీ గర్వం. ఆ గర్వం కొంచెం తగ్గించుకుని లేచాను.

బోధన్: గంట ఉపన్యాసం, ఒక ప్రశ్న

మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సు. దారంతా చెరకు తోటలుంటాయని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎటు చూసినా వరి. అక్కడక్కడా మాత్రం చెరకు మడి.

"చక్కెర మిల్లు బందైనంక చెరకు తక్కువైంది మేడం," అంది నసీమా. "చెరకు తీసిన కాడల్లా వరే పెట్టిండ్రు. చెరకు ఏడాది పంట, ఎరువు కోసం ఒక పది రోజులు ఆగుతది. వరి ఆగదు." ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. దూరంగా పొగ రాని మిల్లు గొట్టం కనిపిస్తే దాన్ని ఫోటో తీసుకోవడంలో పడ్డాను.

బజార్లో సగం మాటలు మరాఠీ. జొన్న రొట్టెలు చేసే ఆమె తెలుగులో పలకరించి, మరాఠీలో మొగుణ్ణి తిట్టి, హిందీలో చిల్లర అడిగింది. పచ్చిమిరప, వెల్లుల్లి నూరిన ముద్ద రొట్టెలో పెట్టి ఇచ్చింది. ఆవకాయ తినే ఊరిదాన్ని, నాకేమిటని పెద్ద ముక్క తుంచుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఏమీ అడక్కుండా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

ఉపన్యాసం బాగానే సాగింది. ప్రపంచ పటం గోడకు తగిలించి, కర్రతో చూపిస్తూ, రెండు పెద్ద దేశాలు గిరి గీసుకుని నిలబడితే మధ్య దేశాలు తమ భద్రతా విధానాన్ని ఎలా మార్చుకోవాల్సి వస్తుందో చెప్పాను. విమానాలు ఎవరి దగ్గర కొంటాం, చమురు ఎవరి దగ్గర కొంటాం, ఎవరు అలుగుతారు. ఆహార భద్రత మీద కూడా నాలుగు పేజీలు రాసుకున్నాను కానీ, టైము చాలక వాటిని మడిచి పెట్టేశాను. ఎప్పుడు చెప్పినా ఆ నాలుగు పేజీలే మడతలో పడతాయి.

ప్రశ్నలడగమంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడం, గీ పెద్ద దేశాల లొల్లిల మాకు యూరియా ఎప్పుడొస్తది?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అది వ్యవసాయ శాఖ వాళ్లని అడగాలమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నవ్వకుండా కూర్చుంది. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. రాత్రి నసీమా వాళ్లింట్లో పడుకున్నాక ఆ ముఖం ఒకసారి గుర్తొచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, నిద్ర పట్టేసింది.

రుద్రూర్ దారిలో: బోర్లా పడ్డ చెప్పు

మూడో రోజు రుద్రూర్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రం చూపిస్తానంది నసీమా. దారిలో ఒక ఊరి దగ్గర, తెలిసినవాళ్లతో పనుందని ఆటో ఆపించి, ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్లింది. ఊరి పేరు రాయను, వాళ్లకు నేను పెట్టిన ఇబ్బంది చాలు.

ఎదురుగా సహకార సంఘం గోదాం. షట్టర్ వేసి ఉంది. దాని ముందు నుంచి రోడ్డు దాకా చెప్పులు, ఒకదాని వెనక ఒకటి, చీమల బారులా. రబ్బరు చెప్పులు, తోలు చెప్పులు, ఒకచోట చెప్పులకు బదులు ఇటుక, ఇంకోచోట రాయి కింద ఆధార్ కాగితం. మనుషులు మాత్రం పక్కన వేపచెట్టు కింద, షెడ్డు కింద కూర్చుని ఉన్నారు. మా కాకినాడలో చెప్పులు ఇన్ని కనిపిస్తే లోపల దేవుడైనా ఉండాలి, భోజనాలైనా ఉండాలి. ఏ భజనో అనుకున్నాను.

వరస మధ్యలో ఒక జత రబ్బరు చెప్పులు కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి. ఒకదాని ఉంగటం తెగితే పిన్నీసు పెట్టారు. ఆ పిన్నీసు చెప్పు బోర్లా పడి ఉంది. చెప్పు బోర్లా పడితే గొడవ వస్తుందని మా అమ్మ నేర్పింది. డెబ్బై దగ్గర పడుతున్నా, ఎవరి గుమ్మంలో బోర్లా పడ్డ చెప్పు చూసినా నా చెయ్యి ఆగదు. పైగా ఎవరైనా తట్టుకుని పడతారేమోనని, రెండూ తీసి, తిన్నగా చేసి, గోడ వారగా బుద్ధిగా పెట్టాను. మంచి పని చేశాననుకుని ఆటో దగ్గరికి వచ్చాను.

పది నిమిషాలకు షట్టర్ లేచింది. చెట్టు కింది మనుషులంతా పరుగున వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టి నిలబడ్డారు. చెప్పుల వరస చిటికెలో మనుషుల వరస అయింది. మధ్యలో ఖాళీ ఉంటే ముందుకు జరిగి పూడ్చేశారు. అప్పుడు చాయ్ బండి వైపు నుంచి ఒక నడివయసు మనిషి వట్టి కాళ్లతో వచ్చింది. వరస వెంబడి కిందికి చూసుకుంటూ ఒకసారి నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది.

"నా చెప్పులేవి? గీడ్నే ఉండె," అంది.

"చెప్పు లేకుంటే వంతు లేదక్కా," అన్నాడు వరసలో ఒకతను. "గదే కదా కట్టడి."

అప్పుడు నాకు అర్థమైంది. పరుగెత్తుకెళ్లి గోడ వారనున్న చెప్పులు చూపించాను. "నేనే తీశానండి. బోర్లా పడి ఉంటే... గొడవ వస్తుందని..."

ఆమె పేరు మార్తమ్మ. బోధన్ ఆసామి పొలం రెండెకరాలు కౌలుకు చేస్తుంది. తెల్లారకముందే వచ్చి చెప్పులు పెట్టింది. ఆమె అరవలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నన్ను చూసింది. "చెప్పు బోర్ల పడితే లొల్లి అయితదని మా తాన గూడ అంటరమ్మా. గని లొల్లికి భయపడితే యూరియా దొరకది గద."

వరసలో మొదట్లో నిలబడ్డ పెద్దాయన గంగన్న బాపు. ఈ చెప్పుల వరసకు తగవు తీర్చేది ఆయనే. నేను బతిమాలాను. ఆయన వరస మొత్తం ఒకసారి చూశాడు.

"తప్పు పట్నపామెదే, గని మధ్యల జొప్పిస్తే రేపటి నుంచి అందరు గిదే చెప్తరు," అన్నాడు. "మార్తా, ఎనుకకు పో బిడ్డా." నా వైపు తిరిగాడు. "అమ్మా, ఆమెకు కలుపు కూలి ఉంది. నీ వల్ల వంతు పోయింది గాబట్టి ఆమె బదులు నువ్వు నిలబడు."

తీర్పు న్యాయంగానే ఉంది. మార్తమ్మ తన ఫోన్ నంబరు నాకిచ్చి, వంతు దగ్గరికొస్తే పిలవమని కలుపు తీయడానికి వెళ్లిపోయింది. నేను వరస చివర నిలబడ్డాను. నసీమా వచ్చి చూసి, సంగతి విని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గొడుగు తెచ్చిచ్చింది. పరిశోధన కేంద్రం నేను చూడనే లేదు.

వరసలో మూడు గంటలు

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి సంచీలోంచి కాజాల పెట్టె తీశాను. పెట్టె చేతులు మారుతూ ముందుదాకా వెళ్లింది. బాపు తన రెండు బస్తాలు గోడకు ఆనించి, కాజా తింటూ నా దగ్గరికే వచ్చాడు.

"నువ్వు గీ దేశాల సంగతి చెప్పే మేడమట గద. సీన మనకు యూరియా అమ్ముతలేదంట, నిజమేనా?"

నిన్న హాల్లో చెప్పనిదంతా అక్కడ చెప్పాను. చైనా తన అవసరం చూసుకుని ఎగుమతి బిగించిందని, యూరియా చెయ్యడానికి గ్యాసు కావాలని, ఆ గ్యాసు వచ్చే దారుల్లో యుద్ధాలున్నాయని, ఓడలు ఆలస్యమవుతున్నాయని.

"సరిహద్దుల కొట్లాట ఉన్నోని దగ్గర బస్తా కొనుడేంది?" అన్నాడు బాపు.

"అవసరం బాపూ. ఇద్దరికీ పడకపోయినా ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది."

ఆయన వేళ్లకంటిన పాకం నాక్కుంటూ ఆలోచించాడు. "నాకూ నా పాలోనికి, అదే మా చిన్నాయిన కొడుక్కి, మాటల్లేవు. గని బాయి ఒక్కటే, మోటరొక్కటే. వానికి కోపమొచ్చిన దినం ఫీజు పీకి జేబుల ఏస్కపోతడు. నా పొలం ఎండుతది."

"మరేం చేశారు?"

"బోరు ఏపిచ్చిన. ఎవ్వని మీద ఆధారపడొద్దని."

"మంచి పని చేశారు."

"నీళ్లు పడలే," అన్నాడు. "మల్ల పోయి పాలోనితోని నవ్వుకుంట మాట్లాడిన."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వుతోపాటు నా నలభై పేజీలు గుర్తొచ్చాయి. ఒకరి గుప్పిట్లో ఉండకూడదని సొంతంగా తయారు చేసుకోవాలనుకోవడం, అది కుదిరేదాకా అందరితో మంచిగా ఉండాల్సిరావడం. దేశ భద్రతా విధానంలో సగం ఈ రెండే. మిగతా సగానికి ఆయన దగ్గర ఓపిక లేదు, బస్తాలెత్తుకుని వెళ్లిపోయాడు.

నా ముందు తొమ్మిది మంది ఉండగా గోదాం గుమాస్తా బయటికి వచ్చి చేతులు ఊపాడు. లోడు అయిపోయింది. మార్తమ్మ మొదట చెప్పులు పెట్టిన చోటుకు ముందువాళ్లు, వెనక చాలామంది కూడా రెండేసి బస్తాలు తీసుకుని పోయారు. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మల్లెప్పుడొస్తది?" అని ఎవరో అడిగితే, గుమాస్తా, "కాకినాడల జహాజు దిగాల్నట. దిగినంక రైలెక్కాలె," అన్నాడు.

కాకినాడ. మా ఊరి పేరు ఇంత దూరంలో, ఇంతమంది నోట, అలా వినాల్సి వస్తుందనుకోలేదు. ఆ ఓడలు నేను రోజూ బీచ్‌లో నడుస్తూ చూస్తాను. ఎరువుల లారీలు మా రోడ్లు పాడుచేస్తున్నాయని ఒకసారి పేపరుకు ఉత్తరం కూడా రాశాను. నాకు సిగ్గేసింది.

మార్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. వెనక కలుపు తీసే ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "సరే అమ్మా," అంది. "నువ్వు తిన్నవా?"

ఆమె తిట్టి ఉంటే తేలికయ్యేది. తినలేదని అబద్ధం కూడా చెప్పలేకపోయాను, చివరి కాజా నోట్లోనే ఉంది.

పని దిగాక వచ్చింది. గోదాం వెనకే ఉన్న తన మడి అక్కణ్నుంచే చూపించింది. నాటు వేసి నెల దగ్గర పడింది, పిలకలు పెట్టాల్సిన వేళ. పక్క పొలం ముదురు పచ్చగా ఉంటే ఆమెది లేత పసుపు రంగుకు తిరిగింది. "ఈ వారంల ఏస్తే తేరుకుంటది," అంది. "పంట రాకున్న ఆసామికి కౌలు వడ్లు కొలువాలె గద. గదే నా భయం."

మిగిలినవాళ్లు అప్పటికే మళ్లీ చెప్పులు పెట్టేశారు. ఈ లోడు అందనివాళ్లకు వచ్చే లోడులో ముందు వంతు, అదీ కట్టడి. మార్తమ్మ తన పిన్నీసు చెప్పులు విప్పబోయింది. రేపటి నుంచి ముళ్ల గట్ల మీద వట్టి కాళ్లతో తిరగాలన్నమాట.

ఆపి, నావి విప్పాను. మోకాళ్ల నొప్పికని డాక్టర్ చెప్పి కొనిపించిన మెత్తటి చెప్పులు. కబురందుకుని బాపు కూడా వచ్చాడు. వాటిని ఎత్తి, తిప్పి చూసి, పదో చోట పెట్టి, మీద రాయి ఉంచాడు. "గివి మార్త చెప్పులు," అని అందరికీ వినపడేలా అన్నాడు. "ఎవ్వలు ముట్టద్దు."

మళ్లీ బోధన్

వట్టి కాళ్లతో బోధన్ బజారులో దిగాను. నిన్నటి రొట్టెల ఆమె నా కాళ్లు చూసి, "గుడికి పోయినవా అక్కా, కొట్టేసిండ్రా?" అంది. కాదు, యూరియా వరసలో పెట్టి వచ్చానంటే ఆమెకేమీ వింత అనిపించలేదు. "మంచిగ రాయి పెట్టినవా?" అని మాత్రం అడిగింది. మరాఠీ చెప్పులాయన దగ్గర నూట యాభై రూపాయల రబ్బరు చెప్పులు బేరమాడకుండా కొన్నాను. బేరమాడే ముఖం ఆ పూట లేదు.

రైలెక్కించేటప్పుడు నసీమాను అడిగాను, ఆ వెనక బెంచీ అమ్మాయి పేరేమిటని. చెప్పింది. "నేను తప్పు జవాబు చెప్పానని ఆమెతో చెప్పు," అన్నాను. మడిచిపెట్టిన ఆ నాలుగు పేజీలు కూడా ఆమెకిమ్మని ఇచ్చాను.

కాకినాడ

ఇంటికొచ్చిన మూడోరోజు మార్తమ్మ ఫోన్. "మీ ఊర్ల జహాజు వచ్చిందా అమ్మా?"

ముప్పై రెండేళ్లు ప్రపంచ రాజకీయాలు చెప్పినదాన్ని, ఎవరూ నన్నింత సూటిగా అడగలేదు. ఆ సాయంత్రం బీచ్‌లో నడక మానేసి హార్బరు దగ్గర లారీల వాళ్ల చుట్టూ తిరిగాను. యూరియా ఓడ వచ్చిందనీ, దూరంగా లంగరేసి ఉందనీ, దిగుమతికి ఇంకా చోటు దొరకలేదనీ ఒక డ్రైవరు చెప్పాడు. "ఏమ్మా, మీకేమైనా పొలమా?" అని అడిగాడు. చెప్పులున్నాయన్నాను.

అప్పటి నుంచి రోజూ అదే పని. ఆమె అడుగుతుంది, నేను చూసొచ్చి చెబుతాను. ఆరో రోజున దిగుతోందని చెప్పాను. ఎనిమిదో రోజున రైలెక్కిందని విన్నాను, అదీ చెప్పాను. తర్వాత నాలుగు రోజులు ఫోన్ రాలేదు, నేనూ చెయ్యలేదు, భయం వేసి.

ఐదోరోజు పొద్దున్నే చేసింది. "మీ చెప్పులకు రెండు బస్తాలు ఇచ్చిండ్రమ్మా," అంది. "నిన్న సల్లిన."

"పొలం ఎలా ఉంది?"

"ఎకరన్నర తేరుకుంటది. గట్టు పక్కది అరెకరం ఎర్రవడ్డది, ఇగ రాదు." వాన ఎంత పడిందో చెప్పినట్టే చెప్పింది. నేను తీసి పక్కన పెట్టిన చెప్పులది ఆ అరెకరం. తప్పు నాదేనన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"ఆ చెప్పులు నువ్వే తొడుక్కో మార్తమ్మా," అన్నాను చివరికి. "పంపించకు."

"తొడుక్కుంటే ఎట్లమ్మా? వరి పొట్టకొచ్చే యాళ్లకు ఇంకో రెండు బస్తాలు కావాలె," అంది. "మల్ల వరసల పెట్టొచ్చిన. ఈసారి అన్నిటికంటే ముందట్నే ఉన్నయి. ఎవ్వరు సర్దకుంట సూడుమని బాపుకు చెప్పిన."